కార్డులో కోసేసిన సగం

మీకు ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. పోయిన వారం మీ దగ్గర ఒక విషయం దాచాను.

"ఆ లిఫ్ట్ కార్డు షాట్ పాట వీడియోలో పెట్టింది నేనే" అని తమ్ముడు నాన్న ముందు రొమ్ము విరుచుకుని అన్నాడని రాశాను. అన్నాడు, నిజమే. అది విని వాడి అక్క అమ్మడు తల దించుకుందని రాశాను. అదీ నిజమే. ఎందుకు దించుకుందో మాత్రం రాయలేదు. మీలో చాలామంది తమ్ముణ్ణి తిడుతూ ఉత్తరాలు రాశారు. ఒకావిడైతే వాడి చెవి మెలిపెట్టి వస్తానని అడ్రసు కూడా అడిగింది. ఆవిడ దయచేసి ఆగాలి. మెలిపెట్టాల్సిన చెవి వాడిది కాదు. ఆ షాట్ పెట్టింది అమ్మడు.

ఇక లోపలికి రండి. గొడవ మొదలై అప్పుడే పావుగంటైంది.

మధ్యాహ్నం మూడు. హాల్లో ఫ్యాను ఫుల్‌లో తిరుగుతోంది. టేబుల్ మీద కంపెనీ లెటర్. అది ఎగిరిపోకుండా నాన్న దాని మీద తన టెస్టర్ పెట్టాడు. లెటర్‌కి అటువైపు మావయ్య, ఇస్త్రీ చొక్కాలో, టైతో సహా. ఇటువైపు నాన్న, బనీనులో. ఇద్దరిదీ ఒకటే కంపెనీ. నాన్న లిఫ్ట్ మెకానిక్. అమ్మ తమ్ముడైన మావయ్య ఆయనకి సూపర్‌వైజర్. ఒకప్పుడు మావయ్యకి స్పానర్ ఎటునుంచి పట్టుకోవాలో నేర్పింది నాన్నే.

"ఐదింటికి విచారణ కమిటీ కూర్చుంటుంది బావా. ఆలోపు సంతకం పెట్టి ఇచ్చెయ్. నేను పట్టుకెళ్ళి ఇచ్చేస్తే అయిపోతుంది."

నాన్న లెటర్ మళ్ళీ చదివాడు. ఈసారి పైకే చదివాడు.

"'పన్నెండు నెలల సర్వీసు సంతకాలు నా ఇష్టప్రకారం, పై అధికారులకు తెలియకుండా, ముందుగానే చేశాను.' తెలియకుండా."

"అది అందరూ రాసే మాటే బావా."

"ఎవరికి తెలియకుండా?"

మావయ్య వంటింటి వైపు చూశాడు. టీ రాలేదు. అక్క ఇంటికొచ్చి పావుగంటైనా టీ రాకపోవడం ఆయన జీవితంలో ఇదే మొదటిసారి. అక్క అక్కడే మూలన కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. ఏదో ఆఫీసు వాళ్ళ పరదాలు కుడుతోంది. అమ్మకి కోపమొస్తే మాట్లాడదు, మిషను తొక్కుతుంది. పొద్దుటి నుంచి ఎనిమిది పరదాలయ్యాయి.

"నాకు తెలుసు, నీకు తెలుసు. ఇప్పుడు అదంతా ఎందుకు బావా?" అన్నాడు మావయ్య గొంతు తగ్గించి. "సంతకం నీదే కదా? నీ చేత్తో పెట్టిందే కదా? లెటర్‌లో లేనిదేమైనా రాశారా?"

అప్పుడే ఆయన ఫోన్ మోగింది.

*ఎక్కండి ఎక్కండి, తలుపు మూసుకుంటోంది,*
*మీ బరువు మోసే తాడుకి మా నాన్న చెమట అంటుకుంది...*

గదిలో ఉన్నవాళ్ళందరూ ఆ ఫోన్ వైపు చూశారు. పాట హిట్టయిన వారం "మా మేనల్లుడే" అని ఊరంతా చెప్పుకుని మావయ్య పెట్టుకున్న రింగ్‌టోన్ అది. మార్చడం మర్చిపోయాడు. గబగబా కట్ చేయబోయి, కంగారులో స్పీకర్ నొక్కాడు. అవతల ఆఫీసు వాళ్ళు "పెట్టాడా?" అని అడిగారు. అదీ అందరికీ వినబడింది.

"వస్తున్నా సార్, వస్తున్నా" అని పెట్టేశాడు.

లోపలి గది తలుపు తెరుచుకుంది. తమ్ముడు బయటికొచ్చాడు. జుట్టుకి నీలం రంగు, మెడలో గొలుసు, కాళ్ళకి నాన్న పాత చెప్పులు. బయట జనానికి వాడి పేరు 'గ్రౌండ్‌ఫ్లోర్'. 'పైకి' అనే మూడు నిమిషాల పాటతో కోటిన్నర మంది చూసిన వీడియో వాడిది. ఇంట్లో మాత్రం ఇప్పటికీ చిన్నోడే.

"పెట్టడు" అన్నాడు.

"నువ్వు లోపలికి పోరా."

"పెట్టడు మావయ్యా. నేను కనుక్కున్నా. అలా రాసిచ్చినవాడి పర్మిట్ జన్మలో మళ్ళీ రాదు. ఇంకో కంపెనీలో కూడా లిఫ్ట్ మీద చెయ్యి వెయ్యనివ్వరు. ఆ సంగతి చెప్పావా మా నాన్నకి?"

మిషను ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

"చెప్తానురా, అన్నీ ఒకేసారి చెప్తారా?" మావయ్య మెడ దగ్గర టై వదులు చేసుకున్నాడు. "అయినా ఎవరివల్ల వచ్చింది ఇదంతా? ఆ బిల్డింగులో ఆరో అంతస్తాయన తన బాల్కనీ పాటలో కనబడిందని మురిసిపోయి, వీడియో ఆపి ఆపి చూసుకున్నాడు. అలా ఆపినప్పుడు దొరికింది నువ్వు అందులో పెట్టిన, మెషిన్ రూమ్ గోడ మీది సర్వీసు కార్డు. మూడో నెలలో తీసిన వీడియోలో పదకొండో నెల సర్వీసు సంతకం! కింద కామెంట్లు చూశావా? 'ఈ మెకానిక్ రేపటి రిపేర్లు నిన్ననే చేసేస్తాడు' అంట. కోటిన్నర మంది నవ్వుతున్నారు మీ నాన్నని చూసి."

"నవ్వేవాళ్ళని నేను చూసుకుంటా."

"ఏం చూసుకుంటావ్? ఇంకో పాట పాడతావా? ముందు ఆ వీడియో తీసెయ్, కంపెనీ కొంచెం చల్లబడుతుంది."

"కోటిన్నర మంది చూసేశారు. వాళ్ళ కళ్ళల్లోంచి కూడా తీసేయమంటావా?"

"చిన్నోడా" అన్నాడు నాన్న.

అరవలేదు. నాన్న అరిస్తే ఇంట్లో ఎవరూ భయపడరు. ఇలా మెల్లగా పిలిస్తేనే భయం.

"ఏంటి నాన్నా?"

"నా మెషిన్ రూమ్‌లో గోడ మీదిది వీడియోలో పెట్టమని నీకు ఎవడు చెప్పాడు?"

"నువ్వేగా తాళం ఇచ్చావ్!"

"గేర్ల శబ్దం రికార్డు చేసుకుంటా అన్నావ్. ఇచ్చాను. వీడియో అన్నావా?"

"పాట నీ గురించి నాన్నా! ఆ బిల్డింగు వాళ్ళు నిన్ను ఎలా చూశారో చెప్పాను. లిఫ్ట్ బాగుచేసినోడు కిందికి మెట్లు దిగి పోవాలా? గ్రీజు చేతులతో లిఫ్ట్ ఎక్కకూడదని బోర్డు పెట్టారు, నువ్వు ఇరవై ఆరేళ్ళు నోర్మూసుకున్నావ్. నేను నోరు తెరిచాను. తప్పా?"

"నన్ను అడిగావా?"

"ఏం అడగాలి?"

"నా గురించి పాట రాసేముందు, నన్ను ఒక్క ముక్క అడిగావా?"

తమ్ముడు మెడలోని గొలుసుని వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. రోజుకి పది మైకుల ముందు మాట తడుముకోకుండా మాట్లాడేవాడు.

"పాట వచ్చాక ఆ బిల్డింగులో ఆరో అంతస్తావిడ నన్ను పిలిచి గ్లాసుతో మంచినీళ్ళిచ్చింది" అన్నాడు నాన్న. "ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి. తాగాను. బాగానే ఉంది. వారం తిరక్కుండా వాళ్ళాయనే ఆ ఫొటో కంపెనీకి పంపాడు. వాళ్ళ లిఫ్ట్‌లో వాళ్ళ పిల్లలు ఎక్కుతారు. పంపడా మరి?"

"అదే అడుగుతున్నా నేను కూడా!" తమ్ముడి గొంతు పగిలింది. "చేయని పనికి సంతకం ఎందుకు పెట్టావ్? నిన్ను నమ్మి పాడాను నాన్నా. 'మా నాన్న ముట్టుకున్న తాడు తెగదు' అని పాడాను. జనం ఇప్పుడు నన్ను అబద్ధాలకోరు అంటున్నారు. ఎందుకు పెట్టావ్?"

 మిషను చప్పుడు పెరిగింది.

"తొంభై నాలుగు లిఫ్ట్‌లు" అన్నాడు నాన్న. "రెండు చేతులు. చేయగలిగినవి చేశాను. చేయలేనివి తర్వాతి నెల మొదట్లో చేశాను. ఏ లిఫ్ట్‌నీ వదిలేయలేదు. కానీ ఇన్‌స్పెక్షన్‌కి కార్డులు నిండుగా కనబడాలంట. ఏడాది మొదట్లోనే పన్నెండు గళ్ళూ నింపేయాలంట."

"ఎవరన్నారు నింపమని?"

నాన్న మిషను వైపు చూశాడు. మిషను ముందున్న అమ్మ వీపు వైపు. ఆ తర్వాత టేబుల్ మీద లెటర్ వైపు.

"పెన్ను ఇవ్వు" అన్నాడు మావయ్యతో.

ఇంతవరకూ అమ్మడు గోడకి ఆనుకుని నిలబడి ఉంది, గుండెల దగ్గర లాప్‌టాప్ ఉండాల్సిన చోట రెండు చేతులూ కట్టుకుని. కంప్యూటర్ చదువు చదివింది, ఒక ప్రకటనల ఆఫీసులో వీడియోలు ఎడిట్ చేసే ఉద్యోగం. తమ్ముడి వీడియో మొత్తం కూర్చింది తనే. క్రెడిట్స్‌లో మాత్రం 'దర్శకత్వం: గ్రౌండ్‌ఫ్లోర్' అని ఒక్క పేరే పడింది. అప్పుడు దాని మీద అలిగి రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. ఈ వారమంతా ఆ పేరు పడనందుకు లోలోపల సంతోషిస్తోంది. అందుకే తనంటే తనకే ఒళ్ళు మండుతోంది.

"మావయ్యా" అంది. "ఆ కార్డులో ప్రతి నెలకీ రెండు గళ్ళుంటాయి కదా? ఒకటి మెకానిక్‌కి, పక్కది సూపర్‌వైజర్‌కి."

మావయ్య పెన్ను మూత తీస్తూ ఆగాడు.

"ఉంటే?"

"పక్క గళ్ళల్లో ఏముంది?"

"పాత కార్డు తీసేశారమ్మడూ. కొత్తది పెట్టారు. ఇప్పుడు ఉన్నది వీడియోలో కనబడేదే. అందులో ఒక వైపే గదా కనబడుతోంది."

చాలా మామూలుగా అన్నాడు. వాన పడుతోంది అన్నంత మామూలుగా.

ఆ ఒక వైపే ఎందుకు కనబడుతోందో ఆ గదిలో అమ్మడికి ఒక్కదానికే తెలుసు. తమ్ముడు తీసుకొచ్చిన క్లిప్‌లో కార్డు మొత్తం ఉంది. ఎడమవైపు నాన్న సంతకాలు, పన్నెండూ ఒకే వాలులో, చివర ఒకే సున్నా చుట్టి, ముత్యాల్లా. కుడివైపు ఏవో అడ్డదిడ్డం గీతలు. ఆ గీతలు ఫ్రేము అందం చెడగొడుతున్నాయని రెట్టింపు జూమ్ చేసి, కుడి సగం కోసేసింది. తేదీలు చదవలేదు. ఎవరైనా ఎడిటింగ్‌లో తేదీలు చదువుతారా? బీటు పడే చోట నాన్న చేతిరాత పడింది. ఆ షాట్ చూసి తనే చప్పట్లు కొట్టుకుంది.

ఇవాళ పొద్దున్న ఆ పాత క్లిప్ మళ్ళీ తీసి, కోయకముందు ఎలా ఉందో చూసింది. కుడివైపు గీతలు గీతలు కావు. పన్నెండు సంతకాలు. పెళ్ళి శుభలేఖల మీద, స్కూల్ ఫారాల మీద, చిన్నప్పటి నుంచి తను చూస్తున్న సంతకమే. మావయ్యది.

పొద్దుటి నుంచి చెప్పలేదు. చెప్పాలంటే ముందు "కోసింది నేనే" అని చెప్పాలి.

"ఇదిగో, ఇక్కడ" అని మావయ్య వేలుతో చూపించాడు. నాన్న పెన్ను పట్టుకున్నాడు. ఎప్పటిలాగే, సంతకానికి ముందు గాల్లో ఒక చిన్న సున్నా చుట్టాడు.

"ఆగు నాన్నా."

"ఏంటి?"

"ఆ షాట్ పెట్టింది నేను."

"అక్కా, నువ్వు ఊరుకో" అన్నాడు తమ్ముడు పళ్ళ మధ్య నుంచి.

"చిన్నోడు నా మీదికి రానివ్వకుండా తన మీద వేసుకున్నాడు. వాడికి ఆ షాట్ ఉందని కూడా తెలీదు. వీడియో అయిపోయాకే చూశాడు. జూమ్ చేసింది నేను, సగం కోసింది నేను. నీ రాత బాగుందని..."

నాన్న మొహం చూసి ఆపేసింది. 

"వారం రోజులు" అన్నాడు నాన్న. "వారం రోజులుగా వాణ్ణి తిడుతున్నాను. నువ్వు ఇక్కడే కూర్చుని అన్నం తిన్నావ్."

"తిన్నాను."

"నా పక్కనే."

"అవును నాన్నా."

"అయ్యిందేదో అయ్యింది" అని మావయ్య లేచి ఇద్దరి మధ్యకి వచ్చాడు. "ఎవరు పెట్టారన్నది ఇప్పుడు ముఖ్యం కాదు బావా, నువ్వు సంతకం..."

"ముఖ్యమే మావయ్యా" అంది అమ్మడు. "కోసిన సగం నా దగ్గరే ఉంది."

ఆ మాటకి మావయ్య మొహంలో రక్తం దిగిపోవడం అందరూ చూశారు. అమ్మ ఒక్కత్తే చూడలేదు. వెనక్కి తిరగలేదు కాబట్టి.

అమ్మడు లోపలికెళ్ళి లాప్‌టాప్ తెచ్చింది. కేబుల్ టీవీకి మూడోసారికి గానీ దూరలేదు. ఎవరూ సాయం చేయలేదు. మావయ్య మాట్లాడుతూనే ఉన్నాడు, వేగంగా, అందరితో ఒకేసారి.

"బావా, చూడు, నాకూ ఇద్దరు పిల్లలు. నువ్వు పనోడివి, ఎక్కడైనా బతుకుతావ్. నేను పని మర్చిపోయి పదేళ్ళయింది. నాకు టై కట్టుకోవడం తప్ప ఇప్పుడేమీ రాదు. అక్కా, నువ్వైనా చెప్పవే! నన్ను నిన్నగాక మొన్న ఎత్తుకుని తిప్పావ్. చెప్పవే!"

మిషను ఆగలేదు.

టీవీ వెలిగింది. దుమ్ముపట్టిన మెషిన్ రూమ్, పెద్ద చక్రం, దాని మీద నుంచి జారే తాళ్ళు. కెమెరా గోడ వైపు తిరిగింది. గోడకి మేకు, మేకుకి కార్డు. ఎడమవైపు నాన్న. కుడివైపు, పన్నెండు గళ్ళల్లో, మావయ్య.

"చూశారా" అన్నాడు తమ్ముడు గట్టిగా ఊపిరి వదిలి. "చూశావా నాన్నా? ఇంకేం కావాలి?"

అంతలో టీవీలోంచి గొంతు వినబడింది.

"ఒరే, ఆ కార్డు తీయకు."

నాన్న గొంతు. టీవీలో ఉన్న నాన్న కనబడటం లేదు, కెమెరా వెనకెక్కడో ఉన్నాడు.

"ఎందుకు నాన్నా?" తమ్ముడి గొంతు, నవ్వుతూ.

"తీయకు, అంతే. అది నా సిగ్గురా. దాన్ని వదిలెయ్."

"తీయట్లేదులే నాన్నా. కెమెరా ఆఫ్‌లోనే ఉంది."

తెర మీద కార్డు మెల్లగా పెద్దదైంది. కెమెరా దగ్గరికి జరిగింది. సంతకాల మీద ఫోకస్ సరిచేసుకుంది. తర్వాత క్లిప్ అయిపోయి, తెర నల్లబడింది.

 మిషను ఎప్పుడాగిందో ఎవరూ గమనించలేదు.

తమ్ముడు నేల చూపులు చూస్తున్నాడు. నీలం జుట్టు కింద చెవులు ఎర్రబడ్డాయి. గొడవ మొదలైన దగ్గర్నుంచీ అక్కని కాపాడుతున్నట్టు నిలబడినవాడు, ఇప్పుడు తనని ఎవరు కాపాడతారా అన్నట్టు నిలబడ్డాడు.

"కెమెరా మొన్నటిదాకా ఆఫ్‌లోనే ఉందనుకున్నా" అన్నాడు నాన్న. "అందుకే నీకు ఎలా దొరికిందా అని బుర్ర బద్దలుకొట్టుకున్నాను. ఆ ఆరో అంతస్తాయనే మెషిన్ రూమ్‌లోకి దొంగతనంగా వెళ్ళి తీసి, నీకిచ్చాడేమో అని కూడా అనుకున్నాను. నిన్ను అనుకోలేదు."

"నాన్నా, కార్డు మీద లైటు బాగా పడిందని... వాడతానో లేదో కూడా తెలీదు అప్పుడు..."

నాన్న అమ్మడి వైపు తిరిగాడు.

"ఇది నువ్వు విన్నావా?"

"లేదు నాన్నా."

"నీ దగ్గరే ఉంది కదా?"

"వినలేదు. నిజంగా వినలేదు. మ్యూజిక్ వీడియోకి షూటింగ్ సౌండు అక్కర్లేదు నాన్నా, పాట ఉంటుంది కదా. క్లిప్పులు రాగానే అన్నీ మ్యూట్ చేసేస్తాం. అందరూ అంతే చేస్తారు."

"మ్యూట్" అన్నాడు నాన్న.

"అవును."

"నా గురించి పాట. అందులో నేను మాట్లాడింది ఒకే ఒక్క ముక్క. అది మ్యూట్."

అమ్మడికి ఏడుపు రాలేదు. వస్తే బావుండేది. చెంప మీద కొట్టినా బావుండేది. నాన్న కొట్టలేదు. వంగి, టేబుల్ కింద నుంచి పనిముట్ల సంచి లాగాడు. గోడకున్న యూనిఫారం చొక్కా తీసి బనీను మీద వేసుకున్నాడు. బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు, పైదాకా.

"ఎక్కడికి బావా?" అన్నాడు మావయ్య.

"ఆ బిల్డింగుకి. ఈ నెలది, ఎనిమిదో నెల సర్వీసు చేయలేదు."

"నిన్ను పని మీద నుంచి ఆపేశారు కదా! తాళం కూడా తీసుకున్నారు. వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తాడు."

"ఆపితే గేటు దగ్గర కూర్చుంటాను. ఎనిమిదో నెల గడిలో నా సంతకం ఉంది. నువ్వు కార్డు మార్చినా నేను పెట్టింది పెట్టిందే."

"పిచ్చా నీకు? ఐదింటికి కమిటీ! ఈ లెటర్..."

నాన్న లెటర్ మీది టెస్టర్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. అంతే. బరువు పోగానే ఫ్యాను గాలికి లెటర్ లేచి, టేబుల్ దాటి, నేల మీద జారి, వెళ్ళి కుట్టుమిషను కింద ఆగింది.

"లిఫ్ట్‌లో వెళ్ళు నాన్నా" అన్నాడు తమ్ముడు, ఏం అనాలో తెలియక.

నాన్న గుమ్మంలో ఆగాడు. వెనక్కి చూడలేదు.

"నా గురించి ఇంకొక్క మాట మాట్లాడకు" అన్నాడు, వెళ్ళిపోయాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడు కింది దాకా వినబడింది.

ముందుగా తేరుకున్నది మావయ్య. టై జేబులో కుక్కుకుని అమ్మడి దగ్గరికొచ్చాడు.

"అమ్మడూ, అది చెరిపెయ్ తల్లీ. మీ నాన్న పర్మిట్ సంగతి నేను చూసుకుంటా. వేరే దారి వెతుకుతా, ఒట్టు. మీ అమ్మ మొహం చూసి చెరిపెయ్."

"చెరపకు" అన్నాడు తమ్ముడు. "ఇప్పుడే అప్‌లోడ్ చెయ్. నా పేజీలో పెడదాం. గంటలో కోటి మంది చూస్తారు. కమిటీ కూర్చునే లోపు కంపెనీ గుట్టంతా బయటపడుతుంది. ఈ ఒక్క బిల్డింగే కాదక్కా, అన్ని కార్డులూ ఇలాగే నింపించి ఉంటారు."

"సౌండుతోనా, సౌండు లేకుండానా?" అని అడిగింది అమ్మడు.

తమ్ముడికి వెంటనే అర్థం కాలేదు.

"నాన్న తీయకు అన్నాడ్రా. ఒకసారి కాదు, రెండుసార్లు అన్నాడు. మనం ఒకసారి తీశాం. ఇప్పుడు మళ్ళీ పెడితే..."

"పెట్టకపోతే నాన్న పర్మిట్ పోతుంది!"

"నాకు తెలీదా?"

"మరి ఎందుకు ఆలోచిస్తున్నావ్? నీకు నాన్న కావాలా, మంచిపేరు కావాలా?"

"ఆ మాట నువ్వంటున్నావా? కోటిన్నర మందికి నాన్నని చూపించి మంచిపేరు తెచ్చుకున్నవాడివి!"

"కోసింది ఎవరు?"

"తీసింది ఎవరు?"

ఇద్దరూ ఒకరి మీదికొకరు వచ్చేశారు. చిన్నప్పుడు రిమోట్ కోసం కొట్టుకున్నట్టే, అదే గదిలో, అదే టీవీ ముందు. ఆ సందులో మావయ్య మెల్లగా మిషను దగ్గరికి వెళ్ళి, లెటర్ కోసం వంగాడు. చెయ్యి చాపాడు. రాలేదు.

లెటర్ మీద అమ్మ కాలుంది.

"అక్కా" అన్నాడు మావయ్య, వంగిన మనిషి వంగినట్టే తల పైకెత్తి. "కాలు తియ్యవే."

అమ్మ కాలు తీయలేదు. పొద్దుటి నుంచి మొదటిసారి కుర్చీలో వెనక్కి తిరిగింది. ముందు కొడుకుని చూసింది, తర్వాత కూతుర్ని, ఆ తర్వాత తన కాళ్ళ దగ్గర వంగి ఉన్న తమ్ముణ్ణి. కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"అమ్మడూ" అంది. "దాన్ని ఇంకోసారి పెట్టవే. నా తమ్ముడి సంతకం దగ్గర ఆపు. సరిగ్గా కనబడలేదు నాకు."

*

ఈ వారం ఇక్కడ ఆపుతున్నాను. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మీతో "ఇది తీయకు", "ఇది ఎవరికీ చెప్పకు" అని ఉంటారు. మీరు ప్రేమ కొద్దీనే తీసి ఉంటారు, చెప్పి ఉంటారు. ఆ తర్వాత వాళ్ళు మీతో మాట్లాడారా? ఎన్నాళ్ళకి? నాకు రాయండి. పేర్లు అక్కర్లేదు. ఈసారి వచ్చిన ఉత్తరాలు మొదటి నుంచి చివరిదాకా చదువుతాను, ఏదీ కోయను.